"బాగుంది బిడ్డా" అని తిరిగిచ్చేశాడు. పిల్లల మోడల్‌ని నిజంగా టెస్ట్ చేయించడం ఎలా?

ఆరో_పీరియడ్
జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. నాలుగేళ్ళుగా సైన్స్ ఫెయిర్‌కి గైడ్ టీచర్ని కూడా నేనే, మిగతావాళ్ళెవరూ ఒప్పుకోరు కాబట్టి. ఈసారి తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురు, ఒక అమ్మాయి ఇద్దరు అబ్బాయిలు, చూపు లేనివాళ్ళ కోసం స్మార్ట్ కర్ర చేశారు. పీవీసీ పైపు, ఆర్డువినో అనే చిన్న కంట్రోల్ బోర్డు, ఎదురుగా ఉన్న అడ్డాన్ని శబ్దంతో పట్టే అల్ట్రాసోనిక్ సెన్సార్, బజర్. ఖర్చు 2,300 దాకా అయింది. జిల్లాలో సెలెక్ట్ అయింది. రాష్ట్ర స్థాయికి ఇంకా మూడు వారాలుంది.

వెళ్ళేముందు ఒక్కసారి నిజంగా వాడే మనిషికి చూపిద్దామనిపించింది. మా మండల కేంద్రం బస్టాండులో పల్లీలు అమ్మే ఆయనకి పుట్టుకతో చూపు లేదు. శనివారం స్కూలు వదిలాక వెళ్ళాం. ఆయన తన కర్ర బల్లకి ఆనించి, మాది పట్టుకుని ఓ పది అడుగులు వేశాడు. బీప్ బీప్ అంది. ఆగాడు. వెనక్కి వచ్చి పైపుని పైనుంచి కిందిదాకా చేత్తో తడిమి, "చాలా బాగుంది బిడ్డా, జాగ్రత్తగా స్కూల్లో పెట్టుకోండి" అని పిల్లల చేతిలో పెట్టేసి తన కర్ర తీసుకున్నాడు. తలా ఒక పొట్లం పల్లీలు కూడా ఇచ్చాడు, డబ్బులిస్తే తీసుకోలేదు.

పిల్లలకి దారి పొడుగునా ఒకటే సంబరం. రైటప్‌లో "వినియోగదారుని అభిప్రాయం: చాలా బాగుంది" అని రాసేశారు కూడా. నాకేమో పల్లీ గొంతులో అడ్డం పడ్డట్టుంది. అంత బాగుంటే తన కర్ర ఎందుకు తీసుకున్నట్టు? ఇది పిల్లలకి మనసు నొచ్చకుండా ఎలా చెప్పాలి? అసలు ఈ టెస్టింగ్ అనేది మీరంతా ఎలా నేర్పుతున్నారు?

చాక్‌పీస్
మళ్ళీ బ్లైండ్ స్టిక్కా! ఈ ఏడు మా జిల్లా ప్రదర్శనలో పని లేక లెక్కపెట్టాను. బ్లైండ్ స్టిక్కులు 9. మూత దానంతటదే తెరుచుకునే చెత్తబుట్టలు 6. చూపు లేనివాళ్ళు ఒక్కరూ రాలేదు. చెత్తబుట్టల్లో చెత్త కూడా లేదు.

జడ్జి_కుర్చీ
నేను చెప్తే తిట్టుకుంటారు, అయినా చెప్తా. ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) చెప్తాను, నాలుగైదు సార్లు ఇలాంటి పోటీలకి జడ్జిగా కూర్చున్నా. ఒక్కో స్టాల్‌కి నాలుగు నిమిషాలు, అరవై స్టాళ్ళు. లైటు వెలిగిందా, పిల్లలు తడబడకుండా చెప్పారా, అంతవరకే చూడగలం. పద్నాలుగేళ్ళ పిల్లలు సోల్డరింగ్ చేసి కోడ్ ఎక్కించారంటే అదే గొప్ప. ప్రతిదాన్నీ జనం మీద పరీక్ష పెట్టాకే అంటే ఇక ఏ పిల్లాడూ స్క్రూడ్రైవర్ ముట్టుకోడు. సెలెక్ట్ అయిన మోడల్ని ఇప్పుడు కెలక్కండి మాస్టారూ.

లంచ్_బెల్
స్క్రూడ్రైవర్ ముట్టుకోవాలంటే ముందు గది తాళం తియ్యాలిగా సార్. మా స్కూలుకి అటల్ టింకరింగ్ ల్యాబ్ వచ్చింది, పిల్లలు సొంతంగా వస్తువులు చేసి చూసుకోవడానికి కేంద్రం ఇచ్చే గది. పథకం ప్రకారం ఇరవై లక్షలు, అందులో పది సామానుకి, పది ఐదేళ్ళ నిర్వహణకి. సామాను మంచిదే. త్రీడీ ప్రింటర్ మీద పూలపూల దుప్పటి కప్పి ఉంటుంది. పిల్లలు పాడుచేస్తారని.

తెల్లకర్ర
ఫోన్ చదివి వినిపిస్తుంటే వింటూ రాస్తున్నాను, అక్షరాలు అటూ ఇటూ అయితే సర్దుకోండి. బ్యాంకులో పని చేస్తాను. పదిహేడేళ్ళుగా తెల్లకర్రతోనే తిరుగుతున్నాను. ఇప్పటిదాకా పిల్లలు నా చేతిలో ఓ ఇరవై స్మార్ట్ కర్రలు పెట్టి ఉంటారు. అన్నిటికీ "బాగుంది" అనే చెప్పాను. పల్లీలాయన అబద్ధమాడలేదు, మర్యాద చేశాడు. ఆశగా వచ్చిన పిల్లల మొహం మీద ఎవరంటారండీ పనికిరాదని?

కర్ర సంగతి చెప్తాను వినండి. దాని చివర నేలకి తగిలినప్పుడు వచ్చే చప్పుడూ, అరచేతికి తెలిసే అదురూ, ఈ రెండిటితోనే నడుస్తాం. సిమెంటా, మట్టా, మెట్టా, గుంత అంచా, అన్నీ ఆ చివరే చెప్తుంది. పీవీసీ పైపు మొద్దు, ఏమీ చెప్పదు. పైగా బోర్డూ బ్యాటరీ పైన పెడితే బరువంతా మణికట్టు మీదే. పది అడుగులు చాలు ఆయనకి అర్థం కావడానికి. ఇక బజర్. బస్టాండులో నేను చెవులతోనే చూస్తాను. ఆ చెవి పక్కన బీప్ అని మోగితే, మీ కళ్ళలోకి ఎవరో టార్చి వేసినట్టు.

ఎదురుగా ఉన్న గోడని మామూలు కర్రే పట్టేస్తుంది, దానికి సెన్సార్ దేనికి? కర్రకి అందనివి మోకాలి పైన ఉండేవి. ఆగిన లారీ వెనక తలుపు, కిందికి వంగిన కొమ్మ, ఫ్లెక్సీ కట్టిన ఇనుప రాడ్డు, వీధిలోకి తెరిచిన కిటికీ రెక్క. నా నుదుటి మీద రెండు కుట్లున్నాయి, కిటికీ రెక్క జ్ఞాపకం. ఢిల్లీ ఐఐటీవాళ్ళ స్మార్ట్‌కేన్ సరిగ్గా ఈ మోకాలి పైన దగ్గరే మొదలైంది. 2005 ప్రాంతంలో అది బీటెక్ పిల్లల ప్రాజెక్టు. జనం చేతికి వచ్చింది 2014లో. మామూలు మడత కర్ర పిడికి తగిలించుకోవడమే, అడ్డం వస్తే చప్పుడు చెయ్యదు, పిడి అదురుతుంది. మధ్యలో ఆ ఏళ్ళన్నీ మాలాంటివాళ్ళ చేతుల్లో పెట్టడం, మార్చడం, మళ్ళీ పెట్టడం.

ఇంకొక్క మాట. పిల్లలకి కళ్ళగంతలు కట్టి నడిపించి టెస్ట్ చేశామనకండి. గంతలు కట్టుకున్నవాడు రెండో అడుగుకే భయపడతాడు. నేను భయపడను. వాడి ఇబ్బంది వేరు, నా ఇబ్బంది వేరు.

జడ్జి_కుర్చీ
మోకాలి పైన అన్న పాయింటు నాకు నిజంగా తట్టలేదండీ. ఇన్నేళ్ళలో ఎన్ని స్టిక్కులకి మార్కులు వేశానో.

సోల్డర్_వాసన
ఆ సెన్సార్‌తో ఇంకో తంటా. కాగితం మీద 2 సెంటీమీటర్ల నుంచి 4 మీటర్ల దాకా పట్టాలి. కానీ అది శబ్దం పంపి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని వినే వస్తువు. మెత్తటి గుడ్డ శబ్దాన్ని మింగేస్తుంది, ఏటవాలు పలక పక్కకి తోసేస్తుంది. గుంతని చచ్చినా పట్టదు. ఓ దుప్పటి అడ్డం పెట్టి చూస్తే పిల్లలకి ఐదు నిమిషాల్లో తెలిసిపోయేది. మొదటి టెస్టు మనుషుల మీద కాదు, దుప్పటి మీద చేయించండి. (లంచ్_బెల్ గారూ, మీ ప్రింటర్ మీది దుప్పటి ఖాళీగానే ఉందిగా.)

లంచ్_బెల్
దుప్పటికి కూడా స్టాక్ రిజిస్టర్లో ఎంట్రీ ఉంది సార్.

బే_ఏరియా_బావ
తెల్లకర్ర గారి పోస్టు చదివాక ఎంబ్రేస్ గుర్తొచ్చింది. 2007లో స్టాన్‌ఫోర్డ్‌లో ఒక క్లాసు ప్రాజెక్టు అది. తక్కువ ఖర్చులో ఇంక్యుబేటర్ తయారుచేయాలి. నేపాల్ వెళ్ళి చూస్తే ఆస్పత్రుల్లో దానంగా వచ్చిన ఇంక్యుబేటర్లు ఖాళీగా పడున్నాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలేమో ఊళ్ళలో, కరెంటు సరిగ్గా లేని ఇళ్ళలో. దాంతో ఇంక్యుబేటర్ ధర తగ్గించడం వదిలేసి, బిడ్డని వెచ్చగా ఉంచే చిన్న సంచీ మీద పడ్డారు. మైనంలాంటి పదార్థాన్ని వేడి చేసి లోపల పెడితే గంటల తరబడి అదే వేడి ఉంటుంది.

అసలు ముచ్చట ఆ తర్వాత. మహారాష్ట్రలో పరీక్షిస్తుంటే ఒక తల్లి 37 డిగ్రీలు పెట్టమంటే తాను 30 దగ్గరే ఆపుతానందట. ఇంగ్లీషు మందులు ఘాటు, పసిబిడ్డకి కొంచెం తక్కువే మంచిదని ఆవిడ లెక్క. దాంతో అంకెలు తీసేసి, సరిపోయింది, సరిపోలేదు అని తెలిపే గుర్తు పెట్టారు. ల్యాబ్‌లో ఏ ఇంజినీరుకీ ఇది తట్టదు కదా. అందుకే అన్నయ్యా, డిజైన్ థింకింగ్‌లో ఎంపతీ (అవతలివాళ్ళ కష్టం తెలుసుకోవడం), డిఫైన్ (సమస్య తేల్చుకోవడం), ఐడియేట్ (ఆలోచనలు), ప్రోటోటైప్ (నమూనా), టెస్ట్ అని ఐదు మెట్లు చెప్తారు.

చాక్‌పీస్
మాకూ ట్రైనింగ్‌లో ఆ ఐదు మెట్లూ చెప్పారు బావా. ఐదూ ఒక్క పూటలో ఎక్కించారు, మధ్యలో టీ, సమోసా కూడా. గోడకి అంటించిన రంగు చార్టు ఇప్పటికీ ఉంది. మీవాళ్ళకి నేపాల్‌కి విమానం టికెట్టు, మా పిల్లలకి బస్సు పాసు. అంతే తేడా.

మిరపతోట
చాక్‌పీస్ గారూ, బస్సు పాసు కూడా అక్కర్లేదు, మా పిల్లలు వాళ్ళమ్మ పక్కన కూర్చుని చేశారు.

పల్నాడులో బయాలజీ చెప్తాను. మా పిల్లల తల్లుల్లో చాలామంది సీజన్లో మిరపకాయల తొడిమలు తీసే పనికెళ్తారు. కిలోకి ఇంతని కూలి. సాయంత్రానికి వేళ్ళు భగభగ మంట. అన్నం కలుపుకోలేరు, చంటిదాన్ని ఎత్తుకుంటే దాని ఒళ్ళు మండి ఏడుస్తుంది. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు నలుగురు దీన్నే పట్టుకున్నారు. మొదటి ఆలోచన అందరికీ వచ్చేదే, రబ్బరు గ్లౌజులు. మెడికల్ షాపులో కొని పంచాం. పొద్దున్న వేసుకున్నారు, పదకొండుకల్లా తీసి పక్కన పెట్టారు. ఎలా ఉన్నాయమ్మా అంటే "బానే ఉన్నాయండీ". మీ పల్లీలాయన మాటే.

అందులో ఒక పిల్ల అడగడం మానేసి తూకం దగ్గర కూర్చుంది. వాళ్ళమ్మ ఒట్టి చేతులతో గంటలో ఎంత తీసింది, గ్లౌజుతో ఎంత తీసింది. ఒట్టి చేతులతో నాలుగు కిలోల పైచిలుకు. గ్లౌజుతో మూడు కూడా రాలేదు. చేతి మంట తగ్గించబోయి కూలి తగ్గించాం మేము! ఎవరు వేసుకుంటారు?

తర్వాత చేతుల్నే చూస్తూ కూర్చున్నారు. కాయ పట్టుకునేవి మూడు వేళ్ళు. గిల్లేవి బొటనవేలూ చూపుడువేలూ, అదీ గోటితో. గోరు కప్పేస్తే పని లేదు. బనియన్ గుడ్డతో మూడు వేళ్ళకి తొడుగు కుట్టారు, గిల్లే రెండు వేళ్ళకి సైకిల్ ట్యూబు ముక్క, గోరు బయటికి ఉండేలా. ట్యూబులో చెమట పట్టి జారిపోయింది. ట్యూబు తీసి బిగుతు గుడ్డ పెట్టారు, దాంట్లోకి కారం పొడి చేరి ఇంకా మండింది. రాత్రి ఉతికితే పొద్దున్నకి ఆరదు కాబట్టి రెండు జతలు కావాలని ఇంకొకావిడ. ఐదోసారి కుట్టినవి ఇద్దరు ఇప్పటికీ వాడుతున్నారు. మిగతావాళ్ళు వాడట్లేదు. ఒకావిడైతే వేళ్ళకి గుడ్డ పీలిక చుట్టుకునే తన పాత పద్ధతే బాగుందంది. దగ్గరికెళ్ళి చూస్తే నిజమే, ఆవిడ చుట్టిన తీరు మా ఐదో మోడల్ కంటే బాగుంది. ప్రైజు రాలేదు. రైటప్‌లో "ఇది పూర్తిగా పనిచేయలేదు" అని రాస్తే ఎవరిస్తారు?

లెక్కల_టీచర్
తూకం దగ్గర కూర్చున్న పిల్లకి నా తరఫున నూటికి నూరు.

నేను నేర్పేది ఇదే, పద్ధతి అని పేరు పెట్టను గానీ. "నచ్చిందా", "బాగుందా" అనే మాటలు మా పిల్లలకి నిషేధం. నోట్‌బుక్కులో మూడు గడులు గీయిస్తా. చేతులు ఏం చేశాయి, ఎక్కడ ఆగారు, నోటితో ఏమన్నారు. మూడో గడి ఎప్పుడూ తీపిగానే ఉంటుంది, మొదటి రెండు గడులూ నిజం చెప్తాయి. మాస్టారూ, మీ పిల్లలు కూడా చూశారు, రాసుకోలేదంతే. ఆగాడు, తడిమాడు, తన కర్ర తీసుకున్నాడు. ఈ మూడు ముక్కలూ పిల్లల చేతే బోర్డు మీద రాయించండి. మీరు ఒక్క మాట చెప్పక్కర్లేదు.

ఇంకోటి, బయల్దేరే ముందే రాసుకోవాలి, ఏం జరిగితే మన మోడల్ ఫెయిలైనట్టో. అది రాసుకోకుండా వెళ్తే ఏం జరిగినా పాసే.

అమ్మమ్మ_మనవరాలు
నేను స్టూడెంట్‌ని, బీఫార్మసీ. టెన్త్‌లో ఉన్నప్పుడు అమ్మమ్మకి బీపీ, షుగర్ మాత్రలు కలిసిపోకుండా అట్టతో డబ్బా చేశా. చదువు రాదు కాబట్టి పొద్దున్నవాటికి సూర్యుడు, రాత్రివాటికి చందమామ బొమ్మ. స్కూల్లో అందరూ చప్పట్లు. ఇంట్లో నాలుగు రోజులయ్యాక చూస్తే చందమామ గడి నిండా మాత్రలు అలాగే ఉన్నాయి. అడిగితే, "ఇంకా పౌర్ణమి రాలేదుగా" అంది.

చాక్‌పీస్
అమావాస్యకి ఏ మాత్ర మరి 😂

అమ్మమ్మ_మనవరాలు
తర్వాత చందమామ బదులు కంచం, మంచం గీశా. అన్నం తిన్నాక, పడుకునే ముందు. అది అర్థమైంది. డబ్బా మాత్రం ఇప్పుడు వక్కపొడికి వాడుతోంది, మాత్రలు పాత పౌడర్ డబ్బాలోనే.

అట్టపెట్టె
ఆరో_పీరియడ్ సార్‌కి పనికొచ్చే మాట ఒకటి. కర్ర మళ్ళీ కట్టకండి, ఒక్క వైరు కూడా పీకకండి. ఆయన కర్ర ఆయన చేతిలోనే ఉండనివ్వండి. ఒక పిల్లాణ్ణి వెనకే నడవమనండి. మోకాలి పైన ఏదైనా అడ్డం వస్తే వాడు నోటితో "టక్" అనాలి. సెన్సార్ వాడే, బజర్ వాడే. ఖర్చు సున్నా. హెచ్చరిక ఎంత ముందు రావాలి, ఎన్నిసార్లు వస్తే విసుగు, చప్పుడు మంచిదా తట్టడం మంచిదా, ఇవన్నీ అరగంటలో తేలిపోతాయి. అవి తేలాక సర్క్యూట్ మొదలుపెట్టాలి. మనం తలకిందులుగా చేస్తాం. సర్క్యూట్ ముందు, మనిషి చివర.

జడ్జి_కుర్చీ
నోటితో టక్ అనడం ప్రోటోటైపా? బాగుంది. రేపు మా బీటెక్‌వాళ్ళు కూడా ప్రాజెక్టు బదులు నోటితో చప్పుళ్ళు చేస్తారు.

అట్టపెట్టె
చేస్తే మంచిదే సార్. కనీసం నెట్‌లో కొనుక్కొచ్చిన ప్రాజెక్టు అయితే కాదుగా.

జడ్జి_కుర్చీ
అది మాత్రం గట్టిగా తగిలింది.

ఊరి_బడి
అందరూ టెస్ట్ టెస్ట్ అంటున్నారు గానీ ఒకటి మర్చిపోతున్నారు. పల్లీలు అమ్మే మనిషి గంటసేపు మీతో ఉంటే గంట బేరం పోయినట్టే. ఓసారి మా ఊరికి ఒక కాలేజీ పిల్లలు ముప్ఫై మంది వచ్చారు. ఒంటరి ముసలమ్మ ఇంట్లో దూరి పొయ్యికి, మంచానికి, ఆవిడకి ఫొటోలు తీసుకున్నారు. మళ్ళీ రాలేదు. "నా పొయ్యికి ఏమైనా చేస్తారంటనా" అని ఆవిడ ఏడాది పాటు అడిగింది. వెళ్ళేముందు అడిగి వెళ్ళండి. ఇద్దరు ముగ్గురే వెళ్ళండి. ఏం తేలిందో తిరిగెళ్ళి చెప్పండి.

తెల్లకర్ర
ఊరి_బడి గారి మాట మీద నా సంతకం కూడా వేసుకోండి. ఆ ఇరవై కర్రల పిల్లల్లో రెండోసారి వచ్చినవాళ్ళు ఒక్కరే.

ఆలేరు_పట్టు
అందరూ మూడు వారాలు, నాలుగు నిమిషాలు అంటుంటే నవ్వొస్తోంది. మా ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఆసు యంత్రం 1992లో మొదలుపెడితే 1999కి పూర్తయింది. ఆసు అంటే నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పడం. ఒక్క చీరకి ఆసు పోయాలంటే చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. వాళ్ళమ్మ లక్ష్మి భుజం నొప్పి చూడలేక మొదలుపెట్టాడు. అందుకే దాని పేరు లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది గానీ, ముందు ఏడేళ్ళు జనం ఏమన్నారో మా వీధిలో అడగండి. ఆయనకి టెస్ట్ చేసే మనిషి ఇంట్లోనే ఉంది. పనిచేయకపోతే సాయంత్రానికి అమ్మ భుజమే చెప్పేది.

ఆరో_పీరియడ్
అట్టపెట్టె గారు చెప్పినట్టే చేశాం, ఇప్పుడే వచ్చా. ఊరి_బడి గారి మాట విని ముందురోజు నేనొక్కణ్ణే వెళ్ళి అడిగాను. బేరం ఉండని పూట, మూడింటికి రమ్మన్నాడు. స్టాఫ్‌రూమ్‌కని రెండు కిలోల పల్లీలు కొన్నా.

ఆయన బల్ల దగ్గర నుంచి నీళ్ళ కుళాయి దాకా రోజూ నడిచే దారి, నలభై అడుగులుంటుంది. మావాడు వెనక. మొదటిసారి వాడు టక్ అనేలోపే ఫ్లెక్సీ రాడ్డు ఆయన భుజానికి తగిలింది. "నీ మిషన్‌కి నిద్రమత్తుంది బిడ్డా" అని నవ్వాడు. రెండోసారి టెన్షన్‌లో వీడు కనపడ్డ ప్రతిదానికీ టక్ టక్ టక్. ఆయన నడక ఆపేసి, "ఇప్పుడు నాకు బస్సు చప్పుడు వినపడతలే" అన్నాడు. మూడోసారి నోరు మూసుకుని భుజం మీద వేలితో తట్టమన్నాం. అది ఆయనకి బాగా నచ్చింది అని రాయబోయి ఆగాను లెక్కల_టీచర్ గారూ! ఆరుసార్లు తడితే ఐదుసార్లు ఆగకుండా పక్కకి తప్పుకున్నాడు. అదీ రాసుకున్నది.

అయితే మా అమ్మాయి రెండో గడిలో రాసింది వేరు. "ఎక్కడ ఆగారు" అన్నచోట మూడుసార్లూ ఒకటే మాట, బైకులు. కుళాయికెళ్ళే దారిలో రోజుకో చోట అడ్డంగా పెట్టిపోతారు. హ్యాండిల్ నడుముకి గుచ్చుకుంటుంది, వేడి సైలెన్సర్ పిక్కకి కాలుతుంది. పంచె కొంచెం ఎత్తి చూపించాడు, నాలుగు మచ్చలు. "ఇవి తీయగలిగితే చాలు, ఆ కర్ర మీ స్కూల్లోనే పెట్టుకోండి" అన్నాడు. ఈసారి బాగుంది అనలేదు.

పిల్లలు డీలా పడ్డారు. "సార్, బైకులు తీయించడం ప్రాజెక్టా? ఇందులో సర్క్యూట్ ఏది?" అంటున్నారు. నా దగ్గర జవాబు లేదు.

తెల్లకర్ర
సైలెన్సర్ మచ్చ నాకూ ఉంది. కుడి పిక్క.

జడ్జి_కుర్చీ
నిజం చెప్తున్నా, రాష్ట్ర స్థాయిలో బైకులు తీయించామంటే నవ్వుతారు. కర్రే తీసుకెళ్ళండి. బజర్ తీసి వైబ్రేషన్ మోటారు పెట్టండి, సెన్సార్‌ని నడుము ఎత్తు చూసేలా తిప్పండి, పైపు పారేసి మామూలు తెల్లకర్ర పిడికి బిగించండి. ఇదంతా రెండు రోజుల పని, మోటారు నేను పంపిస్తా. ఎందుకు మార్చారో ఆ మూడు నడకల కథ చెప్పమనండి. నేను కుర్చీలో ఉంటే దానికి మార్కులు వేస్తాను, ఈ చర్చలో తిట్లు తిన్నాక మరీను.

మిరపతోట
కర్ర పోటీకి, బైకుల సంగతి ఆయనకి. రెండూ చేయించండి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే పిల్లలు నేర్చుకునేది ఏంటో మీకే తెలుసు.

లెక్కల_టీచర్
ముందు ఏమీ చెయ్యకుండా లెక్కపెట్టండి. మూడు నుంచి ఐదు దాకా ఆ దారిలో ఎన్ని బైకులు పెట్టారు? ఆ అంకె లేకపోతే తర్వాత తగ్గిందని దేనితో పోల్చి చెప్తారు?

ఆరో_పీరియడ్
లెక్క పెట్టాం. మొదటి రోజు, ఏమీ చెయ్యకముందు, 11.

పసుపు పెయింటుతో గీత గీద్దామన్నారు పిల్లలు. పెయింటంటే పైనుంచి పర్మిషన్ కావాలని బస్టాండు కంట్రోలర్ అన్నాడు, చెరిగిపోయేదైతే గీసుకోమన్నాడు. సున్నంతో రెండు గీతలు గీశాం. 9. సరిగ్గా గీత మీదే స్టాండు వేసి పెట్టారు కొందరు.

అప్పుడు మా అమ్మాయి అంది, "సార్, ముగ్గు వేద్దాం. మా వాకిట్లో ముగ్గుంటే మా బాబాయి కూడా బండి పక్కన పెడతాడు" అని. తనే ఇంటి నుంచి పిండి తెచ్చి, దారికి రెండు పక్కలా తీగ ముగ్గు లాగేసింది. నిన్న మూడు నుంచి ఐదు దాకా 2. ఆ రెండిట్లో ఒకటి మా పీఈటీ సార్‌ది.

చాక్‌పీస్
పీఈటీ సార్ల మీద ఏ డిజైనూ పనిచెయ్యదు. శాంపిల్ నుంచి తీసెయ్యండి.

సోల్డర్_వాసన
ఓల్టేజీ లేదు, బ్యాటరీ లేదు, 11 నుంచి 2. నేను వృత్తి మార్చుకుంటా.

బే_ఏరియా_బావ
అద్భుతం అన్నయ్యా. కానీ చిన్న అడ్డుపుల్ల. ఒడిశాలో ఎస్తేర్ డఫ్లో, ఇంకో ఇద్దరు ఆర్థికవేత్తలు పొగ తగ్గించే పొయ్యిలు కట్టించుకున్న ఇళ్ళని నాలుగేళ్ళు గమనించారు. మొదటి ఏడాది పొగ పీల్చడం తగ్గింది. ఆ తర్వాత తేడా మాయం. గొట్టం శుభ్రం చెయ్యలేదు, పగిలితే బాగు చేసుకోలేదు, వాడటమే తగ్గించేశారు. ఒక్కరోజు ముగ్గు చూసి మురిసిపోకండి.

ఊరి_బడి
పొద్దున్నే ఊడ్చేవాళ్ళు ఊడ్చేస్తారుగా?

ఆరో_పీరియడ్
ఊడ్చేశారు. ఈరోజు పదింటికల్లా సగం ముగ్గు చీపురుకే పోయింది, మిగతాది బస్సుల గాలికి. సాయంత్రం 7 బైకులు. పల్లీలాయనకి వెళ్ళి చెప్పాం, ఎందుకు మళ్ళీ వచ్చాయో. "ఓహో, నిన్న కాలికి పిండి తగిలింది, ఏందిరా అనుకున్న" అన్నాడు. ఊడ్చే ఆవిడతో మా అమ్మాయి మాట్లాడితే, తాను ఆరింటికే ఊడ్చేస్తాను, ఆ తర్వాత వేసుకోమంది.

ఇప్పుడు చిక్కేమిటంటే రోజూ వేసేదెవరు? అమ్మాయి వేరే ఊరి నుంచి వస్తుంది, తన బస్సు ఎనిమిదింటికి. బస్టాండు పక్కనే ఇళ్ళున్నది అబ్బాయిలిద్దరికీ. వాళ్ళకి ముగ్గు రాదు.

జడ్జి_కుర్చీ
మోటారు కొరియర్ చేశాను. రెండు పంపా, ఒకటి కాలిపోతుంది ఎలాగూ.

ఆరో_పీరియడ్
థాంక్యూ సార్. అబ్బాయిలకి ఇవాళ్టి నుంచి లంచ్‌లో బోర్డు మీద నేర్పుతోంది.

చాక్‌పీస్
ఎన్ని చుక్కలు?

ఆరో_పీరియడ్
ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా. ఒకడిది చూసి ఫెయిలంది. చెరిపించి మళ్ళీ వేయిస్తోంది.